మా ట్రాలీ ఆసిఫాబాద్ బండి అయిన వైనం

మా నాన్నకు రూల్స్ అంటే భయం కాదు, ప్రేమ. లోకంలో చాలామంది రూల్ అనగానే దాన్ని ఎట్లా తప్పించుకోవాలా అని దారి వెతుకుతారు. ఆయన మాత్రం దాన్ని ఇంట్లోకి పిలిచి, మంచమేసి, మంచినీళ్ళిచ్చే రకం. దుమ్ముగూడెం నుంచి భద్రాచలం దాకా ఎన్ని సరుకు బళ్ళు తిరుగుతాయో తెలియదు గానీ, వాటన్నిట్లో ఎండాకాలం కూడా ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, సీటు బెల్టు కట్టుకుని, లోడు మీద పట్టా కప్పి నాలుగు వైపులా తాళ్ళు లాగి చూసుకుని కదిలే డ్రైవరు ఆయనొక్కడే. తోటి డ్రైవర్లు ఆయన్ని ‘కలెక్టరు’ అనేవారు. ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకునేవాడు. నేనూ ఎప్పుడూ సరిదిద్దలేదు.

మాది నాలుగు చక్రాల చిన్న ట్రాలీ. అంతకుముందు ఆయన కొత్తగూడెం వైపు కాంట్రాక్టర్ల దగ్గర బొగ్గు లారీలు నడిపాడు. ఇక ఇంటి దగ్గర ఉందామనిపించి, రాష్ట్రం రెండు కాకముందే ఈ బండి కొన్నాడు. అందుకని దాని నంబరు ఏపీ ఇరవైతో మొదలయ్యేది. అప్పట్లో మా ఖమ్మం జిల్లా బళ్ళన్నీ ఏపీ ఇరవైలే. మిర్చి బస్తాలు, సిమెంటు, పెళ్ళిళ్ళకు టెంటు సామాను, పర్ణశాల గుడి దగ్గర కొట్లకు కొబ్బరికాయలు, ఏది పడితే అది వేసేవాడు. మనుషులను తప్ప.

మనుషులను ఎందుకు ఎక్కించకూడదో ఆయన ఎవరికైనా అరగంట చెప్పగలడు. సరుకు బండికి సరుకు బండిగా ఇన్సూరెన్సు ఉంటుంది, వెనకాల కూర్చున్న మనిషికి ఏదన్నా అయితే పైసా రాదు, పైగా కేసు. ఇదంతా ఒకసారి అడవిలోపలి గూడెం నుంచి పెళ్ళికి బయల్దేరిన ఒక ముసలమ్మకు కూడా ఓపిగ్గా చెప్పాడు. ఆమె కోయ మాటలు కొన్ని, తెలుగు మాటలు కొన్ని కలిపి తిట్టి, చివరికి “నన్ను గూడ ఒక బస్తా అనుకో బిడ్డా, నీ సొమ్మేం పోతది” అంది. మా నాన్న ఆలోచించి, ముందు సీట్లోంచి నన్ను దింపి ఆమెను ఎక్కించాడు. ముందు సీట్లో ఎంతమంది కూర్చోవచ్చో ఆర్సీలో రాసి ఉంటుందట. నేను ఆ ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి ఊరు చేరాను. రూల్స్‌ని ప్రేమించేవాళ్ళ ఇంట్లో పుడితే ఇట్లాంటివి తప్పవు.

బండి కాగితాలన్నీ సీటు వెనక ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఎఫ్‌సీ, ఆయన లైసెన్సు. రోడ్డు మీద ఎవరైనా ఆపి ఏ కాగితం అడిగినా తడుముకోకుండా అదే తీసి ఇచ్చేవాడు. ఒకదానికి మూల మడిచి ఉంటుంది, ఒకదానికి పిన్ను ఎడమవైపు ఉంటుంది, ఒకటి మిగతావాటికంటే మందం. ఆయన గుర్తులు అవి. ఎందుకంటే మా నాన్నకు చదవడం రాదు.

అంకెలు వచ్చు. నంబరు ప్లేట్ల మీది ఇంగ్లీషు అక్షరాలు ఆకారాన్ని బట్టి పోలుస్తాడు. సంతకం పెడతాడు. అంతే. ఈ సంగతి ఇంట్లో మాకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. బండి ముందు అద్దం కింద ఎప్పుడూ ఆ రోజు పేపరు మడిచి పెట్టి ఉండేది. లోడింగ్ ఆలస్యమైతే దాన్ని తెరిచి, బొమ్మలు చూస్తూ, పేజీలు తిప్పుతూ కూర్చునేవాడు. పక్క డ్రైవర్లు “ఏందన్నా వార్తలు” అంటే “ఏమున్నయ్, అవే” అనేవాడు. ఏ రోజు పేపరుకైనా ఆ జవాబు సరిపోయేది.

ఇంత దాపరికం సిగ్గు వల్ల మాత్రమే కాదు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక రూలు వచ్చింది. సరుకు బళ్ళు, ప్రయాణికుల బళ్ళు నడిపే లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి దాకా చదివి ఉండాలని. ఆయన ఆ మాట ఏదో టీ కొట్టు దగ్గర విని ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. “నాకు చదువు రాదని తెలిస్తే లైసెన్సు గుంజుకుంటరు బిడ్డా. ఎవలకు చెప్పకు” అన్నాడు. పేపరు కొనడం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

పేపరు చదివి చెప్పడం నా పని. అక్క పెళ్ళయి వెళ్ళేదాకా ఆమె, తర్వాత నేను. ఇప్పుడు నేను పక్క మండలంలో పంచాయతీ కార్యదర్శిని. ఇంటి పన్ను రూలు, ఇంటి నిర్మాణం రూలు, జనన మరణాల రూలు, పొద్దున లేస్తే నా బతుకంతా రూల్సే. మా నాన్న దృష్టిలో అందుకే నేను చాలా పెద్ద మనిషిని. లోడు దింపే చోటల్లా “మా బిడ్డ రూల్స్ ఆఫీసరు” అని చెప్పుకునేవాడు. అట్లాంటి ఉద్యోగమే లేదని చెప్పినా వినేవాడు కాదు.

ఇక మా రోడ్డు గురించి రెండు ముక్కలు చెప్పాలి. భద్రాచలం తెలంగాణలో ఉంది, దుమ్ముగూడెం తెలంగాణలో ఉంది, మధ్యలో కొంత దూరం మాత్రం ఆంధ్రలో ఉంది. రాష్ట్రాలు పంచుకున్నప్పుడు అట్లా వచ్చింది. కొబ్బరికాయలు ఒక రాష్ట్రంలో ఎక్కి, ఇంకో రాష్ట్రం చూసి, మళ్ళీ మొదటి రాష్ట్రంలో దిగుతాయి. మాది మొత్తం బరువు మూడు వేల కిలోల లోపు బండి కాబట్టి పర్మిట్ అక్కర్లేదు. ఆ సంగతి కూడా నాన్న అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. అయినా ఏపీ నంబరు ఒక విచిత్రం చేసేది. ఆంధ్ర ముక్కలో మా బండిని అక్కడి బండే అనుకుని ఎవరూ ఆపేవారు కాదు. భద్రాచలంలో మాత్రం ఎవరో ఒకరు “ఇంక ఆంధ్రలనే ఉన్నవాయె కలెక్టరూ” అని ఆటపట్టించేవారు. రాష్ట్రం వచ్చిన కొత్తలో పాత బళ్ళకు కూడా టీఎస్ అని మార్చాలన్నారు, తర్వాత అక్కర్లేదన్నారు. ఈయన అక్కర్లేదన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఆ ఎగతాళి మాత్రం ఆగలేదు. పైకి నవ్వేవాడు గానీ లోపల అది గుచ్చుకుంటూనే ఉండేది.

అట్లాంటి రోజుల్లో టీఎస్ పోయి టీజీ వచ్చింది.

ఆ పొద్దున నాకు మీటింగ్ ఉంది. ఒక చేత్తో జడ, ఒక చేత్తో టీ గ్లాసు. నాన్న పేపరు తెచ్చి ముందు పెట్టాడు. నేను నిలబడే పెద్దక్షరాలు చదివాను: “ఇకపై వాహనాలకు టీజీ.” కింద ఇంకా చాలా రాసి ఉంది. నేను గ్లాసు పెట్టేసి చెప్పులు వేసుకున్నాను.

“అంటే ఏపీ పోయినట్టేనా?” అని అడిగాడు.

“అన్నీ టీజీయే ఇంక” అన్నాను. అన్నానా, గేటు దాటానా, మర్చిపోయానా.

ఆ సాయంత్రం బండి ఇంటికొచ్చేసరికి ముందు ప్లేటు మీద, వెనక ప్లేటు మీద, రెండు పక్కల తలుపుల మీద, వెనక డోరు మీద, మొత్తం అయిదు చోట్ల పసుపు రంగు మీద నల్లగా నిగనిగలాడుతూ ‘టీజీ ఇరవై’ ఉంది. భద్రాచలంలో నంబర్లు రాసే పెయింటరు దగ్గర సగం రోజు కిరాయి వదులుకుని కూర్చుని రాయించాడట. పెయింటరు “ఇరవై ఉంచాల్నా మార్చాల్నా” అని అడిగితే, “ఇరవై మనదే కద, ఉంచు. మారింది రాష్ట్రమే” అని చెప్పాడట. అమ్మ బయటికొచ్చి కొత్త అక్షరాలకు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

“మన మండలంల ఫస్టు నాదే” అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను నా ఉద్యోగం వచ్చినరోజు చూశాను, మళ్ళీ ఆ సాయంత్రం చూశాను. బాగుందని నేను కూడా అన్నాను. నాకూ ఏమీ అనుమానం రాలేదు. రూల్స్ ఆఫీసరును కదా!

మర్నాడే ఆంధ్ర ముక్కలో ఒక పోలీసాయన ఆపాడు. పదేళ్ళుగా చెయ్యూపి పంపించిన మనిషి.

“నిన్నటిదాకా మా బండివే కదయ్యా, అప్పుడే మారిపోయావా?” అన్నాడు.

“మారలే సార్, మార్చిండ్రు” అన్నాడట మా నాన్న గర్వంగా. కాగితాలు తిరగేసి, ఏదీ పెద్దగా చదవకుండానే ఆయన పోనిచ్చాడు. ఆ రోజే గట్టిగా చూసి ఉంటే మాకు ఇంత తిప్పలు ఉండేది కాదు.

రెండు నెలల తర్వాత ‘బ్రేకు’ వచ్చింది. సరుకు బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా లేదా అని చేసే పరీక్ష, అదే ఎఫ్‌సీ, దాన్ని మా దిక్కున బ్రేకు అంటారు. పరీక్ష చేసే అధికారి బ్రేకు ఇన్‌స్పెక్టరు. బళ్ళను విరగ్గొట్టే సారని మా అమ్మ చాలాకాలం అనుకుని, బ్రేకు రోజు బండికి దిష్టి తీసి పంపేది. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏటా బ్రేకు తప్పదు. నాన్నకు అది పండగ. వారం ముందే బండి కడిగి, లైట్లు చూసి, టైర్ల గాట్లు వేలితో కొలిచి, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో పాత దూది తీసి కొత్త దూది పెట్టేవాడు.

ఆన్‌లైన్లో స్లాట్ తీయడం నా పని. టీజీ ఇరవై అని కొట్టాను. ఏదో తేడా చూపించింది, యజమాని పేరు కలవడం లేదంది. సర్వర్ సమస్య అనుకుని రెండుసార్లు కొట్టాను. మూడోసారి ఆర్సీ కార్డు తీసి, దాని మీద ఉన్నట్టు ఏపీ అని కొట్టాను. వెంటనే తెరుచుకుంది. స్లాట్ మర్నాటికే దొరికింది. దొరికాక గానీ నాకు అనుమానం రాలేదు.

టీజీ వార్త వచ్చిన ఆ రోజు పేపరు కోసం ఇల్లంతా వెతికాను. వంటింట్లో పప్పుల డబ్బాల కింద పరిచి ఉంది. డబ్బాలన్నీ దింపి, నూనె మరక పక్కన చివరి పేరా చదివాను. ఈ మార్పు కొత్తగా రిజిస్టరయ్యే బళ్ళకే, పాత బళ్ళ నంబర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఎవరూ మార్చకూడదు అని ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే, చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

నాన్నకు చెప్పాను. “నంబరు మార్చుడంటే దొంగబండి నడిపినట్టే. లైసెన్సు పోతది” అన్నాడు మెల్లగా. పెయింటరుకు ఫోన్ చేస్తే ఏదో పెళ్ళికి విజయవాడ పోయాడు. ఉన్న ఎఫ్‌సీ ఎల్లుండితో ముగుస్తుంది, స్లాట్ వదులుకునే వీల్లేదు. అమ్మ కిరోసిన్ గుడ్డ తెచ్చి వెనక ప్లేటు తుడవడం మొదలుపెట్టింది. కొత్త రంగుతో పాటు కింది పాత రంగు కూడా లేచి, టీ మిగిలింది, జీలో సగం పోయి సీ లాగా కనిపించింది. ఇంతకుముందు తప్పుగా ఉన్న బండి ఇప్పుడు నిజంగానే దొంగబండిలా తయారైంది.

“ఇంక ముట్టకుండ్రి” అన్నాడు నాన్న. తర్వాత నాతో, “రేపు నువ్వు రా గని, నోరు తెరవకు. నేను మాట్లాడుత” అన్నాడు.

నేను ఒక రోజు సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. దారిపొడుగునా ఆయన ఒక్క బండిని కూడా దాటలేదు. ఆయన వయసులో లైసెన్సు ఒకసారి చేజారితే మళ్ళీ తెచ్చుకోవడం ఎట్లాంటిదో నాకు తెలుసు. స్టీరింగ్ లేకుండా ఆయన్ని ఊహించుకోవడానికి ప్రయత్నించాను. పొద్దున్నే లేచి ఖాకీ చొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చున్న మనిషి కనిపించాడు. ఆ ఆలోచన అక్కడే ఆపేశాను.

భద్రాచలం బ్రేకు గ్రౌండులో అప్పటికే ఏడెనిమిది బళ్ళు వరసలో ఉన్నాయి. ఆఫీసు గోడకు నోటీసులు అతికించి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి, ఎండకు టోపీ పెట్టుకుని, చేతిలో ట్యాబు పట్టుకుని ఒక్కో బండి చూసుకుంటూ వచ్చాడు. మా బండి దగ్గర ఆగి, ముందు నవ్వాడు.

“ఏవూరు బండి ఇది?”

“దుమ్ముగూడెం సార్.”

“నంబరేమో ఆసిఫాబాద్ అంటుంది కద.”

మా ఇద్దరికీ అర్థం కాలేదు. తెలంగాణ వచ్చాక జిల్లాల నంబర్లు మొత్తం మారాయని, ఇప్పుడు ఇరవై అంటే ఖమ్మం కాదు, ఆసిఫాబాద్ అని ఆయన చెప్పాడు. అట్లా మా నాన్న చేతి మీదుగా మా ట్రాలీ అడవికి ఇటు కొస నుంచి అటు కొసకు వెళ్ళిపోయింది. వరసలో డ్రైవర్లంతా నవ్వారు. ఇన్‌స్పెక్టరు వెనక్కి వెళ్ళి, కిరోసిన్ తుడిచిన ప్లేటు చూసి, నవ్వు ఆపేశాడు.

“ఇగో, గిదే నంబరు బండి నిజంగ ఆసిఫాబాద్‌ల తిరుగుతుంటే? అది ఎవలనన్న గుద్దితే పోలీసులు నీ ఇంటికొస్తరు. నంబరు మార్చుడంటే ఆటనుకున్నవా? బండి పక్కకు పెట్టాలె, కేసు రాయాలె, లైసెన్సు సస్పెండ్‌కు పంపాలె. ఎవలు చెప్పిండ్రు నీకు మార్చమని?”

నేను నోరు తెరిచాను. మా నాన్న నాకంటే ముందే అన్నాడు.

“ఎవలు చెప్పలే సార్. నేనే పేపర్ల చదివిన.”

నేనే చదివిన. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. చేతులు కట్టుకుని, సూటిగా ఇన్‌స్పెక్టరు మొహం చూస్తూ అన్నాడు. అద్దం కింద మడిచిన పేపరు కనబడుతూనే ఉంది కాబట్టి ఇన్‌స్పెక్టరు నమ్మాడు కూడా.

“పేపర్ చదివేటోనివి, కింద రాసింది గూడ చదవాలె కద పెద్దాయన. అగో, మేం గోడకు గూడ అతికించినం. అండ్ల ఏం రాసుందో అందరికి ఇనపడేటట్లు ఒకసారి చదువు. వీళ్ళకు గూడ తెలుస్తది.”

నాన్న గోడ వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. వెనక డ్రైవర్లు వినడానికి దగ్గరికి వచ్చారు.

“అద్దాలు ఇంటికాడ మర్చిపోయిన సార్” అన్నాడు.

ఆయనకు అద్దాలే లేవు. కానీ ఆ మాట అనకూడనిదని ఆయనకు మరుక్షణమే తెలిసింది. ఇన్‌స్పెక్టరు మొహం మొత్తం మారిపోయింది.

“అద్దాలు లేకుండ గింత దూరం బండి నడుపుకుంట వచ్చినవా? గా అక్షరాలు గూడ కనపడ్తలేవా నీకు? ఎఫ్‌సీ సంగతి తర్వాత, ముందు లైసెన్సు తియ్.”

నాన్న కవరు తెరిచాడు. మూల మడిచినది కాదు, మందంగా ఉన్నది కాదు, కార్డు. రెండు చేతులతో ఇచ్చాడు. ఇంక నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాలేదు.

“సార్, మా నాయిన కండ్లు మంచిగనే ఉన్నయి. ఆయనకు చదువు రాదు. పేపరు చదివింది నేను. సగమే చదివి చెప్పిన. తప్పు నాది.”

మా నాన్న నా వైపు చూడలేదు. ఆయన చూపంతా ఇన్‌స్పెక్టరు చేతిలో ఉన్న లైసెన్సు మీదే ఉంది.

“నువ్వేం చేస్తవమ్మా?”

“పంచాయతీ కార్యదర్శిని సార్.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు చెవులు మండిపోయాయి. అప్పుడు నాన్న గొంతు వినబడింది, ఎంత చిన్నగానంటే ఇన్‌స్పెక్టరు వంగి వినాల్సి వచ్చింది.

“ఎనిమిది చదవలేదని లైసెన్సు గుంజుకోకుండ్రి సార్. నాకు వేరే పని రాదు.”

“ఏ ఎనిమిది?” అన్నాడాయన అయోమయంగా. తర్వాత అర్థమైంది. కార్డు మీది తేదీ చూశాడు. “నువ్వు లైసెన్సు తీసుకున్న ఎన్నేండ్లకో వచ్చింది ఆ రూలు. పాతోళ్ళకు అది ఎన్నడు లేదు. ఇప్పుడయితే కొత్తోళ్ళకు గూడ తీసేసిండ్రు.”

“తీసేసిండ్రా? ఎప్పుడు సార్?”

“అయ్యో, ఏండ్లయితుంది.”

మా నాన్న తల ఊపాడు. పద్ధతిగా, ఒక కొత్త రూలు నేర్చుకుంటున్నట్టే ఊపాడు. ఇన్‌స్పెక్టరు గ్రౌండు చివర గేటు వైపు చెయ్యి చూపించాడు. “కండ్ల సంగతి తేల్చుకుందాం. గా గేటు కాడ లారీ నంబరు చెప్పు.”

నాన్న వెంటనే నంబరు మొత్తం చెప్పాడు. చెప్పి, “ఎడమ దిక్కు వెనక టైరుల గాలి తక్కువుంది సార్” అన్నాడు. ఆ లారీ డ్రైవరు పరుగెత్తి చూసుకున్నాడు. నిజమే.

ఇన్‌స్పెక్టరు కార్డు తిరిగి ఇచ్చేశాడు. కేసు రాయనన్నాడు. “ఆర్సీల ఏముందో బండి మీద గదే ఉండాలె. రాయించుకొని రా, అప్పుడు బ్రేకు చేస్త. లోడు మాత్రం వెయ్యకు అప్పటిదాంక” అన్నాడు. నాకేసి తిరిగి ఏదో అనబోయి, మానేసి, తర్వాతి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో నేను వసపిట్టలా వాగాను. గండం గడిచిందన్నాను, ఇన్‌స్పెక్టరు మంచివాడన్నాను, పెయింటరు రాగానే చేయిద్దామన్నాను, ఆసిఫాబాద్ మాట చెప్పి నవ్వించాలని చూశాను. ఆయన నవ్వలేదు. ఆంధ్ర ముక్క దాటాక చెట్ల నీడ ఉన్నచోట బండి పక్కకు తీసి, ఇండికేటర్ వేసి, ఆపాడు. గ్రౌండులో నేనేం చేశానో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఎన్నో ఏళ్ళు కాపాడుకున్న సంగతిని, రోజూ కలిసే డ్రైవర్లందరి ముందూ, ఒక్క మాటలో చెప్పేశాను.

“నువ్వే చదివినవని ఎందుకు చెప్పినవ్ నాయినా? లైసెన్సు పోతదని తెల్వదా?”

“తెలుసు.”

“మరి?”

“నువ్వు చెప్పింది తప్పని పదిమందికి తెలిస్తే, రేపు పంచాయతీల నీ సంతకం ఎవలు నమ్ముతరు? మనింట్ల మొదటి నౌకరి నీది.”

నాకు ఏడుపొచ్చింది. “నీకు చదువు రాదని అందరి ముంగట చెప్పేసిన” అన్నాను.

“అవ్. మస్తు సిగ్గయింది బిడ్డా” అన్నాడు, ఏమీ దాచుకోకుండా. “కని నువ్వు తప్పు చదివినవని గాళ్ళు నవ్విండ్రు సూడు, గదే ఎక్కువ గుచ్చుకుంది. గా సారు రేపు మళ్ల అడిగినా, నేనే చదివిన అంట.”

అద్దంలో వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, గేరు వేశాడు. ఊరు వచ్చేదాకా నేను ఆయన వైపు తిరగలేకపోయాను.